గొట్టం నోటి దగ్గర హెల్మెట్

పెందుర్తి అవతల ఆ చిన్న కర్మాగారం మరమ్మతుల కోసం ఆగింది. పట్టపగలు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మనిషి వంగి దూరేంత గాలిగొట్టం దగ్గర జగ్గారావు, గవర్రాజు పనిలో ఉన్నారు. దాని నోటికి బిగించాల్సిన ఇనప మూత గొలుసుకి వేలాడుతోంది.

మూత చుట్టూ బోల్టులుంటాయి. ఒకటి బిగించాక దాని ఎదురుది బిగించాలి. లేకపోతే ఒక పక్క అణిగి, రెండో పక్క నోరు తెరుస్తుంది. గవర్రాజు మాత్రం పక్కపక్కనే వరసగా బిగించుకుంటూ పోతాడు. ఆ పొద్దున కూడా జగ్గారావు వాణ్ణి దులిపేశాడు.

అంత నిక్కచ్చి మనిషీ ఆ రోజు ఒకటి తప్పాడు. గొట్టంలోకి దూరేవాడు తన హెల్మెట్ నోటి పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. అది వేలాడినంతసేపూ మూత ఎవరూ ముట్టరు. వెనకటికి గురువులు అనే ఫిట్టరు లోపలున్నాడని తెలియక మూసేస్తే, ఊపిరాడక పోయాడు. అప్పట్నుంచీ ఆ కట్టుబాటు.

తలకి తగులుతుందని జగ్గారావు హెల్మెట్ పెట్టుకునే దూరాడు.

గవర్రాజు నవ్వాడు. "మాకు సుద్దులు సెప్తావు. నీ టోపీ ఏది బావా?"

"అతుకు సూసొచ్చే పనికి టోపీ ఏటిరా."

కట్టుబాటు చిన్న పనికీ పెద్ద పనికీ ఒకటే.

లోపల తుప్పు వాసన, మాడిన నూనె కమురు. అతుకులో గాలి పోకుండా పెట్టే గాస్కెట్ సరిగా కూర్చుందో లేదో వేళ్ళతో తడుముతున్నాడు. వెనక వెలుగు సన్నబడింది. నెలవంకయింది. ఆరిపోయింది. చేతిలో టార్చీ కొండెక్కింది.

ఠంగ్...

మూత మీద బోల్టు బిగిస్తున్న దెబ్బ, పైన. తర్వాత కింద. కుడివైపు. ఎడమవైపు.

పాక్కుంటూ వచ్చి మూతను అరచేతులతో బాదాడు. గవర్రాజుని పిలిచి పిలిచి గొంతు పోయింది. దెబ్బలు ఆగలేదు. పైన... కింద...

అప్పుడు తట్టింది. గవర్రాజు ఏనాడూ ఇలా బిగించడు.

ఒళ్ళంతా చెమట. ఊపిరి అందడం లేదు. వెనకాల చీకట్లో ఇంకెవరో ఊపిరి లాగుతున్నారు... మెల్లగా... కష్టంగా. అది దగ్గరికొచ్చింది. చెవి పక్కనే ఆగింది.

"టోపీ తగిలించావా?"

జగ్గారావు మూతకి అతుక్కుపోయాడు.

ఎంతసేపటికో మూత కదిలింది. గవర్రాజు రెక్క పట్టి బయటికి లాగాడు. టీ తాగి వచ్చేసరికి మూత వేసేసి ఉందట. ఎదురెదురు బిగింపు చూసి, జగ్గారావే పని ముగించి వెళ్ళాడనుకున్నాడట.

"నానూ ఎల్లిపోదును బావా. నీ టోపీ ఏలాడతంటే, మళ్ళీ వొచ్చి తగిలించి దూరావేమోనని ఆగాను."

జగ్గారావు తల తడుముకున్నాడు. హెల్మెట్ తల మీదే ఉంది.

ఇద్దరూ కొక్కెం వైపు చూశారు. రంగు వెలిసిన పాత హెల్మెట్ వేలాడుతోంది. గవర్రాజు వేలు పెట్టి చూశాడు. లోపలి పట్టీ చెమటతో తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

"ఇది ఉందంటే..." గవర్రాజు గొంతు తగ్గించాడు, "లోపల ఇంకా ఎవులున్నారు బావా?"

గొట్టం లోతుల్లోంచి... ఠంగ్.

పైన.

తర్వాత కింద.