ముందు మెరిసిన చెయ్యి

తడి దుప్పటి మొహానికి ఛెళ్ళున తగిలింది!

ఎస్సై దాన్ని పక్కకి లాగి పారేసింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక మరోటి...

ఆసుపత్రుల బట్టలు ఉతికే కార్ఖానా అది. పొద్దుగూకింది, పనివాళ్ళు వెళ్ళిపోయారు. తాళ్ళ నిండా తెల్ల దుప్పట్లు. వాటి మధ్య ఎక్కడో, ఇక్కడే ఉతుకు పని చేసే పెద్దోడు పరిగెడుతున్నాడు. తడి నేల మీద చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు.

"ఆగరా పెద్దోడా!"

"ఆగితే వదిలేస్తారా మేడమ్?" దుప్పట్ల వెనక నుంచి రొప్పుతున్న గొంతు. "మా తమ్ముడు ఆగాడుగా!"

ఆమె కాలు ఒక్కసారి తడబడింది.

వాడి తమ్ముడు చిన్నోడు. దొంగ బళ్ళ ముఠాలో కుర్రాడు. పోయిన నెల ఒక గోడౌన్లో ఆమెకి ఎదురుపడ్డాడు. వాడి చేతిలో నాటు తుపాకీ. ఆమె చేతిలో పిస్టల్. రెండూ పేలాయి. చప్పుడు మాత్రం ఒక్కటే!

చిన్నోడు లేవలేదు. ఆమె వెనక గోడకి చిల్లు పడింది.

వాడే ముందు కాల్చాడు. ఆమె కళ్ళారా చూసింది.

కళ్ళారా చూసిన మనిషి ఇంకొకడున్నాడు. హెడ్ కానిస్టేబుల్. స్టేషనంతా బాబాయ్ అని పిలుస్తారు. ఆమెకి పిస్టల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"ముందు పేలింది నీదే తల్లీ," అన్నాడు ఆయన. "నా కళ్ళు చూసింది నేను చెప్పక తప్పదు."

రేపే విచారణ. ఆమెదే ముందని తేలితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు... హత్య కేసు!

ఆ రోజు పెద్దోడు గోడౌన్ అటక మీద నక్కి ఫోన్లో వీడియో తీశాడని మధ్యాహ్నమే తెలిసింది. అందుకే ఈ పరుగు.

"వాడు నాకు ప్రాణాలతో కావాలి," అంది ఇందాక జీపు దిగుతూ. "నువ్వు వెనక గేటు చూసుకో. వీడియోలో నా మాటే నిజమని తేలితే నువ్వు కళ్ళద్దాలు మార్చుకోవాలి బాబాయ్."

"తేలకపోతే?"

ఆమె అప్పటికే లోపలికి దూకింది.

ఇప్పుడు కాళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఆమె ఒక తోపుడు బండి వెనక ఒదిగింది. ఎదురుగా ఆరబెట్టే మిషన్లు రెండు. పని అయిపోయినట్టుంది, రెండింటి మీదా ఎర్ర బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. వాడు ఎడమ మిషన్ వెనక ఉన్నాడా? కుడి మిషన్ వెనకా?

ఎడమ వైపు ఏదో కదిలింది. చూపు అక్కడే గుచ్చుకుంది.

బల్బులు వెలిగాయి. ఎడమది ముందు... దాని వెంటే కుడిది.

కుడి వైపు తలుపు కిర్రుమంది! చూపు అటు దూకింది.

బల్బులు వెలిగాయి. కుడిది ముందు!

ఆమె కళ్ళు నులుముకుంది. మళ్ళీ ఎడమదాన్ని చూసింది. ఎడమదే ముందు. కుడిదాన్ని చూసింది. కుడిదే ముందు.

తల పైకెత్తింది. స్విచ్ బోర్డు నుంచి వైరు ఒక్కటే వస్తోంది. మధ్యలో చీలి అటొక బల్బుకి, ఇటొక బల్బుకి వెళ్తోంది. రెండూ కలిసే వెలుగుతున్నాయి.

మారింది బల్బులు కాదు. తన చూపు!



ఆ రోజు తన చూపెక్కడుంది? చిన్నోడి చేతి మీద. మరి బాబాయ్ చూపు? తను నేర్పిన పిల్ల ఎలా కాలుస్తుందోనని... ఆమె చేతి మీద!

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మాటా నమ్మడానికి లేదు.

ఆమె లేచి నిలబడింది. పిస్టల్ నడుముకి దోపేసింది.

"పెద్దోడా! నా చేతులు ఖాళీ. బయటికి రా. ఆ వీడియో నన్ను ముంచేదైనా సరే, చూపించు."

 ఒక దుప్పటి పక్కకి తొలగింది.

సన్నగా, ఉతుకు నీళ్ళకి నానిపోయిన చేతులతో ఒక మనిషి. కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"మిమ్మల్ని ఉరి తీయించాలనే దీన్ని విచారణకి తీసుకెళ్దామనుకున్నాను మేడమ్. కానీ ఎన్నిసార్లు చూసినా..." వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. "ఒకసారి మీరు ముందు. ఒకసారి మావాడు. నాకే పిచ్చెక్కుతోంది. మీరే చూసి చెప్పండి!"

ఫోన్ ఆమె వైపు చాచాడు. బొటనవేలితో నొక్కాడు.

అప్పుడే వాడి వెనక దుప్పట్ల సందులో బాబాయ్ కనిపించాడు. చేతిలో పిస్టల్! వాడి చాచిన చేతికే గురి!

ఆమె చూపు ఆ పిస్టల్ మీదే అతుక్కుపోయింది.

"బాబాయ్, వద్దు..!"

ఫోన్లో తుపాకులు పేలాయి. తెర తెల్లగా మెరిసింది. అదే క్షణంలో...

ఢాం!

పెద్దోడు ముందుకి ఒరిగాడు. పడుతూ పడుతూ తాడు పట్టుకున్నాడు. దుప్పట్లన్నీ వాడి మీదే కూలాయి. తెల్లదనం మెల్లగా ఎర్రబడింది.

బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. "నీకేం కాలేదుగా తల్లీ? వాడే ముందు కాల్చాడు! మెరుపు చూశాను... చప్పుడు విన్నాను... ఆ తర్వాతే నేను..."

ఆమె మోకాళ్ళ మీద కూలబడి వాడి మెడ పట్టుకుని చూసింది. నాడి కొట్టుకోవడం లేదు.

"వాడి దగ్గర తుపాకీ లేదు బాబాయ్. ఫోన్ అది."

ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"అయినా... ముందు మెరిసింది వాడి చెయ్యే. ఒట్టు తల్లీ!"

"ముందు పేలింది నీదే," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నా కళ్ళు చూసింది నేను చెప్పక తప్పదు."

బాబాయ్ వంగి పిస్టల్ నేల మీద పెట్టేశాడు. 

నేల మీద ఫోన్ వెల్లకిలా పడి ఉంది. వీడియో అయిపోయి మళ్ళీ మొదలైంది. మసక గోడౌన్. ఒక పక్క చిన్నోడు. ఇంకో పక్క ఆమె.

ఇన్నాళ్ళూ కలలో కూడా ఆమె చూసింది వాడి చేతినే.

ఈసారి తన చేతిని చూసింది.

ఢాం!

ఆమే ముందు.