కడుపులో చోటు

డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఆవిణ్ణి అందరూ బ్రేక్ మేడమ్ అనేవారు. నేర్చుకునేవాళ్లకు ప్రమాదం కనబడేలోపే, పక్క సీట్లోంచి తన కాలికిందున్న బ్రేకు తొక్కేసేది మరి. నెలనెలా నెత్తురు పోయి పాలిపోతున్నా పని మానలేదు. చివరికి ఒకరోజు కారులోనే కళ్లు తిరిగి ఒరిగిపోతే, గర్భసంచి నిండా గడ్డలున్నాయి, తీసెయ్యాలన్నారు.

పొట్ట కొయ్యక్కర్లేదని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. బొడ్డు దగ్గరా, పక్కలా చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాస్‌తో పొట్ట ఉబ్బించి, కెమెరాలో చూసుకుంటూ గర్భసంచిని విడదీసి కిందినుంచి తీసేస్తారట. మర్నాడే ఇంటికి పోవచ్చట. పాత కాన్పుల గురించి అడిగినప్పుడు మాత్రం, ఏడో నెలలో కడుపులోనే పోయిన ఆడపిల్ల సంగతి మేడమ్ ముక్తసరిగా చెప్పి తల తిప్పుకుంది. భర్త పోయాక ఆ బిడ్డ మాట ఎత్తినవాళ్లే లేరు.

ఆపరేషన్ బాగానే జరిగింది. వదిన వచ్చి ఇంట్లో దిగబెట్టి, వంట చేసిపెట్టి, పిల్లల పరీక్షలంటూ వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగేసరికి ఇల్లంతా బావురుమంది. భుజంలో సన్నటి నొప్పి. లోపల మిగిలిన గ్యాస్ వల్ల అలాగే ఉంటుందని ముందే చెప్పారు. కళ్లు మూసుకుంది.

వంటింట్లో ఏదో చప్పుడు. తప్... తప్... తడి అరచేతులు గచ్చు మీద ఆనించి ఎవరో పాకుతున్నట్టు. కుళాయి కారుతోందనుకుంది. చప్పుడు గది గుమ్మం దాటింది. దాని వెంటే పురిటిగది వాసన... పచ్చి నెత్తురు వాసన.

లేవబోయింది. పొట్ట కలుక్కుమంది. చప్పుడు మంచం పక్కన ఆగింది. దుప్పటి కిందికి జారుతోంది. కొంచెం... ఇంకొంచెం... దాన్ని పట్టుకుని ఏదో పైకెక్కుతోంది.

బొడ్డు మీద చల్లటి ఊపిరి తగిలింది.

"అమ్మా..." అంది ఒక గొంతు, గుసగుసగా. "నేనుండే చోటేదీ?"

మేడమ్ కాస్త గోడవైపు జరిగింది. అరవాలనుకుంది. అరిస్తే వచ్చేదెవరు?

"చలేస్తోందమ్మా..."

ఇన్నేళ్లూ తను ఒంటరిదాన్నే అనుకుంది. దుప్పటి కొస ఎత్తి పట్టుకుంది.

"రా," అంది.

తర్వాతేమైందో గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి ఫ్యాన్ తిరుగుతోంది. మంచం మీద ఎవరూ లేరు. పొట్ట మాత్రం వెచ్చగా ఉంది.

వారం తర్వాత చూపించుకోవడానికి వెళ్లింది. గాయాలు చక్కగా మానాయంది డాక్టరమ్మ. పొట్ట నొక్కి చూద్దామని చెయ్యి వేసి, ఆగిపోయింది. ట్రేలో కత్తెరలు సర్దుతున్న నర్సు వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా... నిద్రపోతోంది."

నర్సు మేడమ్ ముఖంలోకి చూసింది. మేడమ్ కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"ఎవరు డాక్టర్?"

ఆ మాట తన నోటెలా వచ్చిందో తెలియనట్టు డాక్టరమ్మ బిత్తరపోయి నిలబడింది. పొట్ట మీది చెయ్యి మాత్రం మెల్లమెల్లగా జోకొడుతూనే ఉంది.