ఎడమ కిటికీ పక్క సీటు

మా అబ్బాయి కొన్న బండి కొత్తది కాదు. ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసింది. ఎత్తుగా, దిట్టంగా, ముదురు నీలం రంగులో ఉండేది. మా కోడలు కొండ మీది ఆసుపత్రిలో నర్సు. వాన పడితే అక్కడికి పోయే దారి దారిలా ఉండదు, బురద కాలవైపోతుంది. పాత కారు పదే పదే దిగబడుతోందని వాడు ఈ ఫోర్‌వీల్ బండి తెచ్చాడు.

"మామూలు కారుకి రెండు చక్రాలే లాగుతాయమ్మా. మిగతా రెండూ మొగుడి వెంట పెళ్ళాంలా ఊరికే వస్తాయి. దీనికి నాలుగూ లాగుతాయి" అన్నాడు.

పెళ్ళాం ఊరికే వస్తోందా, అయితే రేపటి నుంచి వంట నువ్వే చూసుకో అంది కోడలు.

నాకు ఆ బండి పెద్ద వింత. డ్రైవరు ముందు చిన్న టీవీలాంటి పలక ఉండేది. అందులో వెనక సీట్లకి మూడు మనిషి బొమ్మలు. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే బొమ్మ ఎర్రగా వెలుగుతుంది, బండి కుయ్ కుయ్‌మంటుంది. పెట్టుకుంటే ఆకుపచ్చ. ఎవరూ లేకపోతే బూడిద రంగు. నేను అక్షరాలు దిద్దింది జుట్టు నెరిశాకే కదా, కూడబలుక్కోకుండా అర్థమయ్యే ఆ బొమ్మలంటే నాకు భలే ముచ్చటగా ఉండేది.

నేను అబ్బాయి వెనక కూర్చునేదాన్ని. నా పక్కన, నడిమి సీటులో, మనవరాలు. ఆరేళ్ళది. దారి కనపడాలని దానికి నడిమి సీటే కావాలి. బెల్టు తనే పెట్టుకునేది. లాక్ పడకముందే నోటితో "టక్" అనేది, ఆ తర్వాతే బెల్టు టక్కుమనేది. బండి కంటే తనే ముందని దాని గొప్ప. దానికి అవతల, ఎడమ కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.

చిత్రం ఏమిటంటే, ఆ ఖాళీ సీటు బొమ్మే ఎర్రగా వెలిగేది. బండి కదిలితే చాలు, కుయ్ కుయ్ కుయ్.

మెకానిక్ సీటు ఊడదీసి, కింద కార్పెట్ ఎత్తి చూశాడు. మెత్తటి ఒండ్రు మట్టి పొరలా అంటుకుని ఉంది. బండి ఎక్కడో నీళ్ళలో మునిగి వచ్చిందనీ, అందుకే సెన్సర్ పాడైందనీ చెప్పాడు. కొత్తది దొరికేదాకా ఏం చెయ్యమంటావని అడిగాను. నవ్వాడు.

"ఖాళీ సీటుకే బెల్టు పెట్టెయ్యి పెద్దమ్మా. ఎవరో బుద్ధిగా కూర్చున్నారనుకుని నోరు మూసుకుంటుంది."

అలాగే పెట్టేశాం. బొమ్మ ఆకుపచ్చగా మారింది. మోత ఆగింది. ఇక ఎవరమూ ఆ బెల్టు ముట్టుకోలేదు. కొత్త సెన్సర్ సంగతి కూడా మర్చిపోయాం.

ఆ సాయంత్రం కోడలి డ్యూటీ అయిపోయే వేళకి బయల్దేరాం. వాన వెలిసింది కానీ మబ్బు వీడలేదు. దీపాలు పెట్టే వేళ కూడా కాలేదు, అయినా చెట్ల కింద చీకటి చిక్కబడింది. కొండ ఎక్కేముందు ఒక వాగు దాటాలి. ఎప్పుడూ చక్రం సగం తడిసేంత నీళ్ళే ఉంటాయి. ఆరోజు కాస్త ఎర్రగా, బరువుగా పారుతోంది. అబ్బాయి బండి ఆపి, గేరు తీసి, ఫోర్‌వీల్ మీట తిప్పాడు. కింద ఎక్కడో గడక్‌మంది. నెమ్మదిగా నీళ్ళలోకి దించాడు.

వాగు మధ్యలో బండి ఆగిపోయింది.

నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి. బండి మాత్రం అంగుళం కదలడం లేదు. దిగబడలేదు... ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టుంది. ఇంజను గుడగుడమని ఆగిపోయింది. అబ్బాయి తిట్టుకుంటూ దిగాడు. చక్రం కింద రాయేదో అడ్డం పడి ఉంటుంది, చూసొస్తాను, మీరు కదలకండి అని తలుపు వేశాడు.

లోపల నిశ్శబ్దం. బయట నీళ్ళ చప్పుడు. ముందు పలక ఒక్కటే వెలుగుతోంది. మూడు బొమ్మలూ ఆకుపచ్చగా.

అప్పుడు వాసన వచ్చింది. తడిసి ఆరని జుట్టు వాసన. దాని వెంట పాచి నీళ్ళ కంపు.

కటక్...

ఎడమ వైపు నుంచి. ఒక్కసారిగా లాగితే బెల్టు బిగుసుకుపోతుంది చూడండి, ఆ చప్పుడు.

కటక్... కటక్...

ఆ చీకట్లోకి కళ్ళు చికిలించి చూశాను. సీటుకి అంటుకుని వేలాడాల్సిన బెల్టు ముందుకి ఉబ్బి ఉంది. లోపల ఒక నడుము ఉన్నట్టు. ముందుకి వస్తోంది, ఆగిపోతోంది. మళ్ళీ వస్తోంది.

మనవరాలి చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అది అటే చూస్తోంది.

"నానమ్మా" అంది గుసగుసగా. "ఆ అక్కకి బెల్టు తీయడం రావట్లేదు."

"అటు చూడకమ్మా... ఇటు తిరుగు."

"ఏడుస్తోంది. తీస్తేనే పోనిస్తుందట."

నా పాదాలకి చల్లగా తగిలింది. తలుపు సందులోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. అద్దంలోంచి చూస్తే అబ్బాయి నడుము లోతు నీళ్ళలో వంగి రాళ్ళు తవ్వుతున్నాడు. ఇందాక మోకాళ్ళదాకానే ఉన్నాయి.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో భయంతో పాటు జాలి కూడా వేసింది. ఏ తల్లి బిడ్డో. నీళ్ళు నిండుతుంటే ఈ బెల్టు తీసుకోలేక ఎంత పెనుగులాడిందో. మేమేమో మోత భరించలేక మళ్ళీ దాన్నే కట్టేశాం.

మనవరాలి ఒడి మీంచి చెయ్యి చాచాను. నడిమి సీటు లాకూ ఎడమ సీటు లాకూ పక్కపక్కనే ఉంటాయి. చీకట్లో తడుముకున్నాను. వేళ్ళకి లాక్ తగిలింది. దాని మీద అప్పటికే చిన్న చిన్న వేళ్ళు ఉన్నాయి... మంచుగడ్డల్లా.

కళ్ళు మూసుకుని నొక్కాను.

సర్రున బెల్టు లోపలికి పోయింది. వెంటనే ఇంకో సర్రు. రెండో బెల్టు, నడిమి సీటుది.

పలక ఆరిపోయింది. కటిక చీకటి. ఎవరో నా చాచిన చేతి మీదుగా పాకినట్టు...

పలక వెలిగింది. బొమ్మలు కనపడేలోపే అబ్బాయి తలుపు తీసి సీట్లో కూలబడ్డాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా పట్టు చిక్కించుకుని బండిని గట్టెక్కించాయి.

మనవరాలు ఎడమ సీటులో ఉంది. ఎప్పుడు జరిగిందో తెలియదు. భయపడి జరిగి ఉంటుందనుకున్నాను. దగ్గరికి తీసుకున్నాను. ఒళ్ళంతా చల్లగా ఉంది. ఆసుపత్రి దగ్గర కోడలు ఎక్కి, నా తల్లే అని చేతులు చాపితే, అది ఆమె ముఖాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పిల్ల జడుసుకుంది పాపం, ఇంటికెళ్ళి పడుకుంటే సర్దుకుంటుంది అన్నాడు అబ్బాయి. తిరుగు ప్రయాణం వాగు వైపు కాకుండా చుట్టు దారిన వచ్చాం. దారి పొడుగునా బండి కుయ్‌మంటూనే ఉంది. తడిసింది కదా అనుకున్నాం.

ఆ వారంలోనే మళ్ళీ బండెక్కాల్సి వచ్చింది. మనవరాలు తిన్నగా వెళ్ళి ఎడమ కిటికీ పక్కన కూర్చుంది. బెల్టు పెట్టుకోమన్నాను.

"వద్దు" అంది, కిటికీలోంచి చూస్తూ.

బండి కదిలింది. బెల్టు లేని పిల్ల కూర్చుని ఉంటే ఎడమ సీటు బొమ్మ ఎర్రగా వెలగాలి. బూడిద రంగులో ఉంది. ఆ సీటులో ఎవరూ లేరంటోంది బండి.

ఎర్రగా వెలుగుతున్నది నడిమి బొమ్మ. కుయ్ కుయ్ కుయ్.

నడిమి సీటు ఖాళీ.

"సెన్సర్ ఇప్పుడు నడిమి సీటుకి పట్టుకున్నట్టుంది. దానికీ బెల్టు పెట్టెయ్యమ్మా, చెవులు పోతున్నాయి" అన్నాడు అబ్బాయి.

నడిమి సీటు బెల్టు లాగాను. ఖాళీ సీటు మీదుగా తెచ్చి లాక్ దగ్గర పెట్టాను. ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నది నా వైపు తిరగను కూడా లేదు, పెదవి కదపలేదు.

"టక్" అని వినపడింది. నా పక్కనే, చిన్న గొంతుతో.

బెల్టు ఇంకా నా చేతిలోనే ఉంది.