రెండు సైన్యాలు, ఒకే ఫొటో

"రేపు పదకొండు గంటలకు మన దేశం పరువు పోతుంది," అన్నాడు చీఫ్, టీలో బిస్కెట్ ముంచుతూ. "పది యాభై తొమ్మిదికల్లా నువ్వు ఆపాలి."

ఎదురుగా కూర్చున్న ఏజెంటు తల ఊపాడు. డిపార్ట్‌మెంటులో అతణ్ణి తాళం అంటారు, నోరు విప్పడని. ఇంట్లో భార్య కూడా అదే మాట అంటుంది, కాకపోతే వేరే గొంతుతో.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. సముద్రం అవతల ఒక చిన్న దేశం. ఐదేళ్ల క్రితం మన సైన్యం అక్కడికి శాంతి నెలకొల్పడానికి వెళ్లింది. మనవాళ్లు తిరిగి రావడానికి ఓడలెక్కుతున్న వారంలోనే పొరుగు దేశం సైన్యం అదే శాంతిని మళ్లీ నెలకొల్పడానికి దిగింది. ఇప్పుడు అంతర్జాతీయ కమిషన్ ఒకటి కూర్చుని ఇద్దరిలో ఎవరు పద్ధతిగా ప్రవర్తించారో తేలుస్తోంది. పదికి మార్కులు వేస్తుందట.

"అందాల పోటీలా ఉంది సార్."

"అంతకంటే కష్టం. ఇక్కడ నవ్వకూడదు." చీఫ్ ముంచిన బిస్కెట్ సగం టీలో జారిపోయింది. ఆయన దాని వైపు కాసేపు చూశాడు. "పొరుగువాళ్ల గూఢచారులు ఒక సినిమా తీశారు, రేపు కమిషన్ ముందు వేస్తారు. అందులో కాలిపోయిన బడి ఫొటో ఉంది. ముప్ఫై మంది పిల్లలు, ఒక టీచరు పోయారు. మనవాళ్లే చేశారని కింద రాశారు."

"ఎవరు చేశారు సార్?"

"వాళ్లే. మన సినిమాలో అలాగే చూపిస్తున్నాం."

అప్పట్లో చీఫ్ అక్కడ కల్నల్. తాళం ఆయన కింద జవాను. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

టెక్నికల్ సెక్షన్ ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చింది. పిడిలో పెన్‌డ్రైవ్. ప్రొజెక్టర్ కంప్యూటర్‌కు గుచ్చితే అందులోని సినిమాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. స్క్రూలు తిప్పడానికి మాత్రం పనికిరాదు.

మర్నాడు తాళం ఖాకీ చొక్కా, అంటించిన మీసంతో ఏసీ మెకానిక్‌గా సమావేశ భవనానికి వెళ్లాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కార్డు కూడా చూడలేదు. "వచ్చావా బాబూ, నాలుగు రోజుల నుంచి ఉడికిపోతున్నాం," అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

ప్రొజెక్టర్ గదిలో, కమిషన్‌కు అనువాదం చెప్పే ఇంటర్‌ప్రెటర్ ఎదురుచూస్తోంది. ఎర్ర సిల్కు గౌను, నల్ల కళ్లద్దాలు, వరండా మొదటి నుంచే సెంటు వాసన. ఆమె మన ఏజెంటు. పొరుగువాళ్లకూ ఏజెంటేనని మనకు తెలుసు. మనకు తెలుసని వాళ్లకూ తెలుసు.

"ఈ గదిలో గాలి ఆడటం లేదు," అని కోడ్ చెప్పాడు తాళం.

"కిటికీ తెరిస్తే దుమ్ము వస్తుంది," అని జవాబు కోడ్ చెప్పిందామె. "రా అన్నయ్యా, కూర్చో."

మీసం ఒక పక్క ఊడింది. డబుల్ ఏజెంటు వలలో పడకుండా ఉండటానికి అతనికి ఆర్నెల్లు ట్రైనింగ్ ఇచ్చారు. అన్నయ్యా అని పిలిస్తే ఏం చెయ్యాలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు.

పది నలభై ఎనిమిది. కంప్యూటర్లో రెండు ఫైళ్లున్నాయి. ముందు వాళ్ల సినిమా, వెంటనే మన సినిమా. ఆమె రెంటినీ ఒక్కోచోట ఆపి చూపించింది. రెంటిలోనూ అదే ఫొటో. కింద అక్షరాలు వేరు.

"ఇద్దరికీ నేనే ఇచ్చాను."

"ఎందుకు?"

"అది మా ఊరి బడి. ఆ టీచరు మా చెల్లెలు." ఆమె కళ్లద్దాలు తీసింది. "ఎవరు చేశారో తెలుసుకుందామని రెండు చోట్లా ఉద్యోగంలో చేరాను. వాళ్లని అడిగితే మీరే చేశారంటారు. మిమ్మల్ని అడిగితే వాళ్లే చేశారంటారు. నాలుగేళ్లుగా ఇదే వరస."

తాళం ఫొటో చూశాడు. నల్లబడిన గోడ. మెట్ల మీద చెప్పులు. చిన్నవి ముందు, పెద్దవి వెనక, జతలు జతలుగా, గీత గీసినట్టు.

పిల్లలు చెప్పులు అలా విప్పరు. పొరుగు సైన్యం దేన్నీ సర్దదు. సర్దేది మన సైన్యమే. ఏ ఇంట్లో సోదా చేసినా సామాను ఎక్కడిదక్కడ పెట్టి, చెప్పులు జతచేసి మరీ రావాలి. పత్రికలవాళ్లు వస్తారు, మనం నాగరికులమని వాళ్లకు తెలియాలి. అది కల్నల్‌గారి ఆర్డరు. ఆ రోజు బడి దగ్గర ఎవరూ గుర్తు చెయ్యకుండానే అందరూ సర్దారు. ఒక నీలం చెప్పుకు జోడు కోసం తాళం పది నిమిషాలు వెతికాడు. అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడూ ఏమీ అనిపించడం లేదు. కళ్లు మాత్రం ఫొటోలో నీలం రంగు వెతుకుతున్నాయి.

"నీకు తెలుసా అన్నయ్యా?"

అతను స్క్రూడ్రైవర్ తీశాడు. "ఇది గుచ్చితే?"

"ఫొటో పోతుంది. ఇంకెక్కడా కాపీ లేదు. కింద ఎవరి పేరన్నా రాసుకోండి. జనం చూస్తే చాలు నాకు."

పది యాభై ఏడు. తాళం స్క్రూడ్రైవర్‌ను టేబుల్ మీద పెట్టి మౌస్ పట్టుకున్నాడు. వాళ్ల సినిమాలో అక్షరాలు తీసేశాడు, వ్యాఖ్యానం తీసేశాడు. మన సినిమాలోనూ అంతే చేశాడు. సేవ్ నొక్కాడు. పచ్చగీత నత్తలా నిండుతోంది. పది యాభై తొమ్మిది దాటి యాభై ఎనిమిది సెకన్లకు నిండింది. హాల్లో దీపాలు ఆరిపోయాయి.

"మావాళ్లే," అన్నాడు. "నేనూ ఉన్నాను. ఆ చెప్పులు మేమే సర్దాం."

ఆమె ఏడవలేదు. కొట్టలేదు. కళ్లద్దాలు పెట్టుకుంది.

"మైకు ఆన్ చెయ్యాలి. పక్కకు జరుగు," అంది. అన్నయ్యా అనలేదు.

ఫొటో తెర మీదికి చప్పుడు లేకుండా వచ్చింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. తమ సినిమా దెబ్బ తగిలిందనుకుని పొరుగు దేశం ప్రతినిధి లేచి ఆ ఘోరాన్ని ఖండించాడు. తమ దెబ్బే తగిలిందనుకుని మన ప్రతినిధి లేచి ఇంకా గట్టిగా ఖండించాడు. దోషులు ఏ దేశంవాళ్లయినా శిక్షించి తీరాలన్న తీర్మానం ఆరు నిమిషాల్లో ఏకగ్రీవంగా నెగ్గింది.

సాయంత్రం చీఫ్ ముఖం వెలిగిపోతోంది. "నైతికతలో పదికి తొమ్మిది వచ్చాయోయ్."

"వాళ్లకో?"

"వాళ్లకీ తొమ్మిదే. అది వదిలెయ్. దోషుల్ని పట్టుకోవడానికి మన తరఫున ఒక మనిషిని వెయ్యాలి. నీ పేరు రాశాను, నువ్వయితే నోరు విప్పవు. ఎవరు దొరికినా సరే, కమిషన్ ముందు నిలబెడతామని సంతకం కూడా పెట్టాను. తాపీగా వెతుకు, పదేళ్లు పట్టినా ఫర్వాలేదు. కారు ఏర్పాటు చెయ్యమంటావా?"

తాళం లేచి తలుపు గడియ వేశాడు. తిరిగొచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కర్లేదు సార్. దగ్గరే."