రెండు తెల్ల చీటీలు

“ఈ రెండూ మీవేనా?”

డిస్పాచ్ బల్ల మీద రెండు చీటీలు పడ్డాయి. అట్టపెట్టెకి టేపు అంటిస్తున్న అతను తలెత్తాడు. ఎదురుగా ఆమె నిలబడి ఉంది. ఏప్రాన్ కూడా విప్పకుండా మేడ దిగి వచ్చేసింది. మొహం కందిపోయి ఉంది, ముక్కు కొసన మాత్రం పింగాణి పొడి తెల్లగా అంటుకుని ఉంది. ఆ పొడి సంగతి చెప్పాలా వద్దా అని అతను ఒక క్షణం ఆలోచించి, చెప్పకపోవడమే క్షేమమనుకున్నాడు.

“ఏంటండీ ఇవి?”

“ఓట్లు.”

“ఓట్లు నిన్ననే లెక్కపెట్టేశారు కదండీ. మీ బీచ్ గెలిచింది కూడా. కంగ్రాట్స్ చెబుదామనుకుంటుంటే మీరే వచ్చారు.”

“నా ముక్కు చూసి తర్వాత నవ్వుకుందురుగానీ, ముందు అడిగినదానికి జవాబు చెప్పండి.”

అతను నవ్వు మింగేశాడు.

అది కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్. కింద ప్లాస్టర్ గది, డిస్పాచ్ బల్ల. పైన మైనం, మెటల్, పింగాణి పని. ఊళ్లోని పళ్ల డాక్టర్లు అచ్చులు పంపిస్తే, వీళ్లు పళ్లు చేసి పంపిస్తారు. ఆమెది ఆఖరి పని. చేసిన పన్ను పక్కనున్న అసలు పన్నుతో కలిసిపోయేలా రంగు చూడటం. పళ్లలో పదహారు రకాల తెలుపు ఉంటుంది, ఒక్కోదానికీ ఒక నంబరు. మనకందరికీ ఒకటిగానే కనిపించే ఆ పదహారింటినీ ఆమె కిటికీ వెలుతుర్లో ఒక్క చూపుతో విడదీసేస్తుంది. అందుకే అందరూ ఆమెను ‘షేడ్’ అని పిలుస్తారు. స్కూటర్ మీద పెట్టెలు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగే అతను అందరికీ ‘డెలివరీ’.

ప్రతి వేసవిలోనూ ఒక ఆదివారం ల్యాబ్‌లో ఇరవై ఒక్క మందీ బస్సు మాట్లాడుకుని బీచ్‌కి వెళ్తారు. దగ్గర్లో ఉన్నవి రెండే. రాళ్ల బీచ్‌కి నలభై నిమిషాలు, లైట్‌హౌస్ బీచ్‌కి గంటంబావు. ఏటా ఓట్లు పెడతారు, ఏటా రాళ్ల బీచే గెలుస్తుంది. అక్కడ ఇసుక గట్టిగా ఉంటుంది, క్రికెట్‌కి బాగుంటుంది. ఆమె చేరిన మూడేళ్లుగా లైట్‌హౌస్ బీచ్ అంటూనే ఉంది. ఎందుకని అడిగితే “ఇసుక మెత్తగా ఉంటుంది” అనేది.

ఈ ఏడు లైట్‌హౌస్‌కి పన్నెండు, రాళ్లకి పదకొండు వచ్చాయి. ఓనర్ అంకెలు చదివారు, ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పన్నెండూ పదకొండూ కలిపితే ఎంతో ఆ ఉక్కలో ఎవరికీ తట్టలేదు.

తెల్లారి ఆమె పనిలో కూర్చుంటూ తన పన్నెండు చీటీల్నీ ముచ్చటగా కిటికీ దగ్గర పరిచింది. మూడేళ్లలో మొదటి గెలుపు కదా. పరిచీ పరచగానే చెయ్యి ఆగిపోయింది. పది చీటీలు ఆర్డర్ పుస్తకం కాగితాలు, కాస్త పసుపు వైపు. రెండు మాత్రం నీలం వైపు. ఆ నీలపు తెలుపు కాగితం ల్యాబ్ మొత్తంలో ఒక్క చోటే ఉంది, అతని రసీదు పుస్తకంలో.

ఆమె రాళ్ల బీచ్ చీటీలు కూడా తెచ్చి లెక్కపెట్టింది. మొత్తం ఇరవై మూడు.

“అంటే పది, పదకొండు,” ఆమె బల్ల మీద వేలితో కొట్టింది. “నేను ఓడిపోయాను. అది నాకు తెలియకుండా నిన్నంతా పళ్లికిలించుకుని తిరిగాను. ఎందుకు చేశారు?”

అతను టేపు పక్కన పెట్టాడు. “రెండే వేశానండీ.”

“రెండే అని తక్కువ చేసి చెప్పకండి. ఒకటి సరిపోదని బాగానే లెక్క వేసుకున్నారు.”

“పోయినేడు బస్సులో మీకు ఐదుసార్లు నీళ్ల బాటిల్ ఇచ్చాను. ఐదుసార్లూ వద్దన్నారు. నా చేత్తో ఇస్తే తాగరేమో, నేనంటే గిట్టదేమో అనుకుని ఇంటికెళ్లి అన్నం కూడా తినలేదు. మా అక్క అడిగింది. చెప్పాను. ‘ఆ బీచ్‌లో బాత్రూమ్ ఉందా’ అంది. లేదన్నాను. ‘మరి ఆ పిల్ల నీళ్లెలా తాగుతుందిరా మొద్దూ’ అంది.”

ఆమె ఏప్రాన్ కొసతో ముక్కు తుడుచుకుంది.

“తర్వాత ఒక ఆదివారం స్కూటర్ మీద లైట్‌హౌస్ బీచ్‌కి వెళ్లొచ్చాను. ఆడవాళ్లకి నాలుగు బాత్రూములున్నాయి. కాపలా ఆవిడని అడిగి లోపలికెళ్లి చూశాను. కుళాయిలు వస్తున్నాయి. గడియలు పడుతున్నాయి. నాలుగూ వేసి చూశాను.”

ఆ గడియల మాట దగ్గర ఆమె కోపం ఒక్క మెట్టు దిగింది. దిగినంత వేగంగా మూడు మెట్లు ఎక్కింది.

“అంటే ఏడాదిగా మీకు తెలుసు.”

“తెలుసు.”

“మొన్న మీటింగ్‌లో మెటల్ బాబాయ్ ‘మెత్తటి ఇసుక కావాలంటే ఇంట్లో పరుపుంది కదమ్మా’ అంటే అందరూ నవ్వారు. అప్పుడూ తెలుసు. నోట్లో బెల్లం ముక్క పెట్టుక్కూర్చున్నారు.”

“ఆడవాళ్ల విషయం కదండీ. మగవాణ్ని, నేను చెబితే బాగుండదని…”

“దొంగ ఓటేస్తే బాగుంటుందా?”

అతను తల దించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “మీరూ చెప్పలేదు కదండీ. ఇసుక అన్నారు.”

ఆ మాట చురుక్కున తగిలింది. నిజమైన మాట మీద వచ్చే కోపం మామూలు కోపం కంటే ఎక్కువ మండుతుంది. ఆమె చీటీలు తీసుకుని విసురుగా వెనక్కి తిరిగింది.

“వాటిని చించేయండి,” అన్నాడు అతను వెనకనుంచి. “బస్సు కూడా మాట్లాడేశారు. ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుసు కదా,” అంది మెట్ల మీదనుంచి. “రేపు టీ టైమ్‌లో అందరి ముందూ పెడతాను.”

“అప్పుడు మళ్లీ రాళ్ల బీచే అవుతుందండీ.”

ఆమె ఆగింది. ఆ సంగతి అతను చెప్పాలా. పొద్దుటినుంచీ ఆమె గుండెలో కూర్చున్నది అదే.

*

“మేమూ అలాగే ఉన్నామే,” అంది అమ్మ, ఆరిన బట్టలు మడతపెడుతూ. “ప్యాకింగ్ షెడ్డులో ఇరవై రెండేళ్లు. పొద్దున ఏడింటికి వెళ్తే ఇంటికొచ్చాకే మంచినీళ్లు. ఎవరితో చెప్పుకుంటాం?”

“ఎవరితోనూ చెప్పుకోకపోబట్టే కదమ్మా, చదువుకున్న నేను కూడా మూడేళ్లు ఇసుక గురించి మాట్లాడాను.”

“నలుగురు మగాళ్ల ముందు ఆ మాట ఎలా అంటావే?”

“నోటితోనే అంటాను.”

అమ్మ దిండు గలీబు దులిపింది. ఏమీ ఎరగనట్టు అడిగింది. “ఆ అబ్బాయి గడియలు కూడా వేసి చూశాడా?”

“నాలుగూ. అంత చూసినవాడు నోరు తెరిచి ఒక్క మాట అనడానికి ఏమొచ్చింది?”

“తిట్టు, తిట్టు. తప్పు చేశాడుగా,” అంది అమ్మ. “మన ఇంట్లో గడియ ఊడిపోతే మీ నాన్న ఆర్నెల్లు దాని వైపు చూడలేదు. అదొక్కటే గుర్తొచ్చింది, అంతే.”

“అమ్మా.”

“నేనేమన్నానే? బట్టలు మడత పెట్టు.”

*

మర్నాడు టీ టైమ్‌లో అందరూ పై గదిలో చేరాక ఆమె లేచి నిలబడి, రెండు చీటీలూ ఓనర్ ముందు పెట్టింది. లెక్క చెప్పింది. ఎవరు వేశారో మాత్రం చెప్పలేదు.

“ఎవరి పనిది?” ఓనర్ కళ్లద్దాలు తీశారు.

గుమ్మం దగ్గర స్టూలు కిర్రుమంది.

“నాదేనండీ,” అతను లేచాడు.

“నువ్వా? నిమ్మకు నీరెత్తినట్టు ఉంటావు, నీకిదేం బుద్ధి?”

“తప్పేనండీ. ఎందుకో ఆవిడ చెబితేనే బాగుంటుంది. కానీ నాకు ఏడాదిగా తెలుసు. తెలిసీ చెప్పకుండా ఇలా చేశాను. దానికి మాత్రం సిగ్గుపడుతున్నాను.”

“ఇంకేం, మేమే గెలిచాం,” మెటల్ బాబాయ్ చేతులు రుద్దుకున్నారు. “బ్యాటు బయటికి తియ్యండ్రా.”

“ఒక్క నిమిషం బాబాయ్,” అంది ఆమె. గొంతు వణికింది. వణికినందుకు తన మీదే ఒళ్లు మండింది. ఆ మంటే మాటను నిలబెట్టింది. “మూడేళ్లుగా ఇసుక మెత్తగా ఉంటుందని చెబుతున్నాను. అబద్ధం. నాకు ఇసుకతో పని లేదు. రాళ్ల బీచ్‌లో బాత్రూమ్ లేదు. మేం తొమ్మిది మందిమీ పొద్దున లేచిన దగ్గర్నుంచీ చుక్క నీళ్లు తాగకుండా బస్సెక్కుతాం. నడి ఎండలో మీరు క్రికెట్ ఆడుతుంటే, మేం నీళ్ల డబ్బా పక్కన కూర్చుని దాని వైపు చూడకుండా ఉంటాం. మీ పదకొండు మందిలో ఒక్కరికి కూడా, వీళ్లు నీళ్లెందుకు తాగరని అనుమానం రాలేదా?”

ఎవరూ కప్పు పైకెత్తలేదు.

“రాళ్ల చాటు ఉంది కదమ్మా,” అన్నారు బాబాయ్, కాస్త చిన్న గొంతుతో.

“మీరందరూ వెళ్లొచ్చే రాళ్ల చాటేనా?” అంది ప్లాస్టర్ అక్క. ల్యాబ్‌లో ఆడవాళ్లందరికీ పెద్ద ఆవిడే, మాట్లాడేది తక్కువ. “పదకొండేళ్లుగా వస్తున్నాను. ప్రతిసారీ ఇంటికెళ్లి తలనొప్పితో పడిపోతాను. మీరేమో ‘అక్క బీచ్‌కొచ్చినా మొహం ముడుచుకునే ఉంటుంది’ అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంక నవ్వను.”

ఓనర్ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత మళ్లీ ఓట్లు పెట్టించారు. ఈసారి చీటీలు ప్లాస్టర్ అక్క లెక్కపెట్టి మరీ పంచింది. దొంగ ఓటు వేసినందుకు అతనికి ఓటు లేదన్నారు. పైగా ఆ రోజంతా అందరికీ నీళ్లు అందించే పని అతనిదే.

లైట్‌హౌస్‌కి పంతొమ్మిది. రాళ్లకి ఒకటి.

అందరూ బాబాయ్ వైపు చూశారు.

“నా వైపు చూస్తారేం? నేను మార్చేశాను,” అన్నారాయన ఉక్రోషంగా.

ఓనర్ గొంతు సవరించుకున్నారు. “నాదే. ఇరవై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే రాసేసింది.”

మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర అతను ఆగాడు. “నిజంగానే గెలిచారు. కోపం పోయిందా అండీ?”

“లేదు,” అని ఆమె దిగిపోయింది.

*

ఆదివారం బస్సులో అతను వెనక సీటునుంచి ముందుకి బాటిళ్లు ఇచ్చుకుంటూ వచ్చాడు. ప్లాస్టర్ అక్క రెండు తీసుకుంది. ఆమె సీటు దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి కొంచెం తటపటాయించింది. ఆమె బాటిల్ లాక్కుని కిటికీ వైపు తిరిగి తాగింది.

మధ్యాహ్నం దాటాక, లైట్‌హౌస్ నీడ ఇసుక మీద పొడుగ్గా పడిన చోట ఆమె కూర్చుని ఉంది. బాబాయ్ మెత్తటి ఇసుకలో బంతి ఎగరడం లేదని అవతల సణుగుతున్నారు. అతను సంచితో వచ్చి రెండు బారల దూరంలో కూర్చున్నాడు.

“గడియలు ఎలా ఉన్నాయండీ?”

“మూడోది కాస్త బిగుసుకుపోయింది. మీ తనిఖీ సరిగ్గా లేదు.”

“అప్పుడు బాగానే పడిందండీ.” ఇసుకలో గీతలు గీస్తూ అన్నాడు. “ఒకటి చెప్పనా? చీటీలు మీ కంటికి దొరుకుతాయని నాకు తట్టనే లేదు. అసలు మీరు నా వైపు, నా వస్తువుల వైపు ఎప్పుడూ చూడరనుకున్నాను.”

“చూడను కూడా.”

“సరే. నా పళ్లు ఏ నంబరు?”

“ఏ-టూ. ఎడమ వైపు ముందుపన్ను కొసన చిన్న ముక్క విరిగింది, చిన్నప్పుడు ఎక్కడో పడి ఉంటారు. నవ్వేటప్పుడు పెదవితో దాస్తారు, దాయక్కర్లేదు.”

అంతా అనేశాక గానీ ఆమెకు తను ఏమందో తెలియలేదు. అతను కళ్లార్పకుండా చూస్తున్నాడు.

“అది నా పని,” అంది ఆమె కోపంగా. “ఎవరి పళ్లయినా చెబుతాను.”

“మెటల్ బాబాయ్‌వి?”

ఆమె నోరు తెరిచింది. మూడేళ్లుగా రోజుకి తొమ్మిది గంటలు ఎదురు బల్ల దగ్గర కూర్చుని, ప్రతి జోక్‌కీ నోరంతా తెరిచి నవ్వే బాబాయ్. ఎంత ఆలోచించినా ఆయన పళ్ల రంగు గుర్తుకు రాలేదు.

అతను నవ్వాడు. పెదవి అడ్డం పెట్టుకోకుండా, ఆ విరిగిన కొస కనిపించేలా.

“ఈసారి ఇలాంటిదేమైనా ఉంటే చీటీల మీద కాదు, నోటితో చెప్పాలి,” అంది ఆమె, సముద్రం వైపు చూస్తూ.

“చెబుతాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ఏడాదిన్నరగా.”

“ఏడాదిన్నర.” ఆమె గిర్రున తిరిగింది. “ఇది కూడా దాచారా? మనిషా, మూత బిగించిన సీసానా?”

“కోపం వచ్చిందా?”

“బోలెడు వచ్చింది. అది తగ్గేదాకా ఇక్కడే కూర్చోండి.” ఆమె చెయ్యి చాచింది. “ముందు ఆ నీళ్లిలా ఇవ్వండి.”

అతను ఇచ్చాడు. ఆమె తొందరపడకుండా, మధ్యలో ఆగి అలలు చూస్తూ, ఆఖరి చుక్క దాకా తాగి, ఖాళీ బాటిల్ అతని చేతిలో పెట్టింది.

“ఇంకోటి ఉందా?”