నీలం తిరిగిన చుక్క

పొద్దున లేస్తూనే ఉప్పునీళ్ళలో పగడాలు పెంచే తొట్టి దగ్గరికి వెళ్ళడం ఆయనకు అలవాటు. మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. పంపు చప్పుడు విని దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తాడు. ఆ రోజు పంపు బాగానే ఉంది. పగడాలే బాగాలేవు. భార్య పోయిన దగ్గర్నుంచీ పాలిపోతూ వస్తున్నాయి. హీటరు మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర పేరుకుంటోంది.

"నాన్నా, కాసేపట్లో చేపల షాపతను వస్తాడు. తొట్టి ఇచ్చేస్తున్నాం," అంది కూతురు వంటింటి గుమ్మంలోంచి.

"ఇస్తానని నేనెప్పుడన్నాను?"

"ఇవ్వనని కూడా అనలేదుగా. అమ్మ ప్రాణంగా పెంచుకున్నవి కళ్ళముందే పోతుంటే చూడలేను. అక్కడైనా బతుకుతాయి."

ఆ మాట ఆయనకు చురుక్కుమంది. "అంటే, నేను సరిగ్గా చూసుకోవట్లేదంటావు."

"చూసుకుంటే ఇలా ఎందుకున్నాయి?"

"ప్రతి ఆదివారం నీళ్ళు పరీక్ష చేస్తున్నానే! పగడాలు పెరగాలని కాల్షియం పోస్తుంటే, పోసింది పోసినట్టు తెల్లగా గడ్డకడుతోంది. మెగ్నీషియం తగ్గితే అలా అవుతుందని మీ అమ్మ చెప్పేది. కానీ అది కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. నీ ఎదురుగానే చేస్తాను, రా."

చిన్న గాజు సీసాలోకి తొట్టి నీళ్ళు తీసి పొడి కలిపాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నీలంగా మారేదాకా సిరంజిలోంచి ఎంత మందు పడితే, నీళ్ళలో అంత మెగ్నీషియం ఉన్నట్టు లెక్క. ఆయన ఒక్కో చుక్కా వేస్తున్నాడు. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

"ఇంకా వేస్తున్నావేంటి నాన్నా?"

"నీలం తిరగాలిగా."

"ఎప్పుడో తిరిగింది."

ఆయన సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. "ఇది నీలమా?"

నవ్వబోయిన కూతురు ఆయన కాళ్ళు చూసి ఆగిపోయింది. ఒక మేజోడు ఆకుపచ్చ, ఒకటి గోధుమరంగు. "అమ్మ పోయాక పట్టించుకోవడం మానేశావనుకున్నాను."

"రెండూ ఒకటేగా?"

"కాదు నాన్నా. నీకు రంగుల తేడా తెలియట్లేదు," అంది కూతురు. ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. పరీక్ష చేసినప్పుడల్లా భార్య మోచేతి పక్కన నిలబడి "చాలు" అనేది. "మెకానిక్‌కి కొలతలు నేర్పుతావా?" అని ఆయన కసురుకునేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. చొక్కాలు తనే తీసి పెట్టేది. సిగ్నల్ దగ్గర చెయ్యి పట్టుకునేది.

"మీ అమ్మకి రోడ్డు దాటాలంటే భయమనుకున్నానే తల్లీ," అన్నాడు. "ఒక్కసారైనా చెప్పలేదు."

"నువ్వు నొచ్చుకుంటావని," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ.

కాలింగ్ బెల్ మోగింది. ఆయనే లేచి తలుపు తీశాడు.

"తొట్టి ఇవ్వడం లేదు బాబూ. ఏమీ అనుకోకు. ఉందనుకున్న మెగ్నీషియం లేదు, డబ్బా ఒకటి పంపు. పెద్దది."

"అలాగే సార్. ఒకేసారి పోసెయ్యకండి."

"నాకు తెలీదా? రోజుకి కాస్త చొప్పున పెంచుతాం. మీ షాపు పంపులు బాగు చేయించాలంటే నువ్వే నా దగ్గరికి రావాలి, వెళ్ళు."

లోపలికి వచ్చి సీసా కడిగి కొత్త నీళ్ళు తీశాడు. కూతురు ఆయన మోచేతి పక్కన వచ్చి నిలబడింది. చుక్క పడింది. మరో చుక్క.

"చాలు నాన్నా."

ఆయన చెయ్యి ఠక్కున ఆగింది. ఈసారి కసురుకోలేదు.