చిక్కుడుపాదుకు చీకటి

రాజమండ్రి గోదావరి గట్టున కట్టిన గౌతమీ శిఖరంలో ఆ ఉదయం కూడా మాఘమాసమే. కిందటి రోజూ మాఘమే, పదకొండేళ్లుగా మాఘమే. బయట ఎండ యాభై డిగ్రీలు దాటుతుంటే, భవనం చుట్టూ కప్పిన ఋతుతెర లోపలి గాలిని చల్లగా ఉంచుతుంది. రోజుకు పద్ధెనిమిది గంటలు వెలిగే పగటిదీపాల కింద ప్రతి బాల్కనీలోనూ వంగ, టమాటా, బెండ ఏడాది పొడుగునా కాస్తాయి. ఏ కార్తెలో ఏ విత్తనం వెయ్యాలో ఇప్పుడెవరికీ పట్టదు. దేనికోసమూ ఎదురుచూడనక్కర్లేని తోటలో సంతోషం మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది లెండి.

ఏడో అంతస్తులో దమయంతి కుండీ ముందు కూర్చుని చిక్కుడుపాదును తిట్టిపోస్తోంది. పక్కనే ఆమె ఆడపడుచు శేషారత్నం. ఇద్దరికీ అరవై దాటాయి. ఒకే ఇంట్లో ఉంటూ రోజుకు నాలుగుసార్లు దెప్పుకుంటారు, ఒకరు లేకపోతే రెండోవారికి ముద్ద దిగదు. శేషారత్నం తల్లి ఎప్పుడో బూడిదలో కలిపి డబ్బాలో దాచిన మూడు గింజల్లో మొలిచింది ఈ ఒక్కటే. తొమ్మిది నెలల్లో పైకప్పు దాకా పాకింది. ఆకులే ఆకులు, పూత మాత్రం లేదు.

తోటల బాగోగులు చూసే తోటమతి అనే యంత్రం దానికి ‘నిష్ఫలం’ అని గుర్తు పెట్టింది. మరో యాభై రోజుల్లో పూయకపోతే నీళ్లు దండగని పీకేస్తుంది. ఆ యంత్రానికి రెండు వందల పంటలు తెలుసు, ఈ పాతకాలపు చిక్కుడు తెలియదు. పాదు పోతే ఆ విత్తనం ఇక ఎక్కడా లేదు.

పాపం, వాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు. పూయలేదు కదా అని బజారు నుంచి ఇంకో దీపం తెచ్చి పెట్టారు. అయినా పూయకపోతే రెండోది తెచ్చారు. బిడ్డ తినడం లేదని ముద్దలు కుక్కినట్టు వెలుతురు కుక్కారు.

ఆ పూట శేషారత్నం దీపాన్ని ఇంకాస్త దగ్గరికి జరపబోతుంటే దమయంతి చెయ్యి పట్టుకుని ఆపింది. పెళ్లయిన కొత్తలో, కార్తీకం ముందు రోజుల్లో, పెరటి లైటు వేస్తే అత్తగారు కేకలేసేవారు. చాదస్తం అనుకుని ఈమె చాటుగా నవ్వుకునేది.

“వదినా, అత్తయ్యగారు ఏమనేవారో గుర్తుందా? పాదు దగ్గర లైటు ఆర్పండే, దానికి నిద్ర పట్టదు అనేవారు.”

శేషారత్నం దీపాన్ని చప్పున అవతలికి లాగేసింది. చేతులారా చంపుకుంటున్నామే అని నెత్తి కొట్టుకుంది.

ఆ చిక్కుడుకు పొద్దు తగ్గితేనే పూత. దానికి శీతాకాలపు పొడుగాటి రాత్రి కావాలి. ఆ రాత్రి ఋతుతెరలో లేదు, పైకప్పు దాకా పాకిన పాదుకు గుడ్డ కప్పడమూ కుదరదు. ఇళ్లకూ తోటలకూ వెలుగిచ్చే పగటిదీపాలకు అంతస్తంతటికీ ఒకటే మీట. ఫలానా మొక్క కోసమని ఒక ఇంటివారు రాసిచ్చి, అంతస్తులోని ఆరిళ్లవాళ్లూ ఒప్పుకుంటే, కాయ ఎండేదాకా తోటమతి సాయంత్రం ఐదున్నరకే ఆర్పుతుంది. అదీ ఇంటికి ఏడాదికొక్కసారే. మనుషులకు చీకటి కావలసి వస్తుందని దాన్ని చేసినవాళ్లకు తోచలేదు.

దమయంతి గడపగడపా తిరిగింది. నాలుగిళ్లవాళ్లు పోన్లెమ్మన్నారు. చివరింటి గవర్రాజు భార్య పోయాక మనుషులతో మాట్లాడడమే మానేశాడు. తన టమాటాలు పాడవుతాయని గొణిగి, ఆఖరికి వేలిముద్ర వేశాడు.

మొదటి సాయంత్రం దీపాలు ఆరగానే తెర అవతల గోదావరి మీద వాలుతున్న పొద్దు కనిపించింది. సందెవేళ అనేదొకటుంటుందని అక్కడి పిల్లలకు తెలియదు. పనులు సాగక అందరూ వరండాలోకి వచ్చి కూర్చున్నారు. మొహాలు సరిగా ఆనని ఆ మసకలో మాటలు వాటంతటవే వచ్చాయి. ఒకరు పుట్టింటి మల్లెపొదల గురించి, ఒకరు తొలకరికి తడిసిన గోంగూర మడి గురించి చెప్పుకున్నారు. పదో రోజుకు గవర్రాజు కూడా కుర్చీ తెచ్చుకున్నాడు. తన భార్య తొలివానకు కాకర పెట్టి, మొదటి పిందె కోసం రోజూ పొద్దున్నే లేచి వెతికేదని చెబుతూ ఏడ్చేశాడు. చీకట్లో ఎవరూ దానికి ఇబ్బంది పడలేదు.

ముప్పై ఎనిమిదో రోజున ఊదారంగు పూత కనిపించింది. శేషారత్నం మరదల్ని కావలించుకుని, మా అమ్మ వచ్చిందే అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక్క కాయనూ కూరకు తుంచనివ్వలేదు. అన్నీ పాదు మీదే ఎండాక ఇరవై మూడు గింజలొచ్చాయి.

మొక్క పని అయిందని తోటమతి దీపాలను మళ్లీ పద్ధెనిమిది గంటలు వెలిగించింది. వరండా ఖాళీ అయింది. ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు.

మూడో రోజు తలుపు చప్పుడైతే శేషారత్నం తీసింది. మట్టి నింపిన కుండీ పట్టుకుని గవర్రాజు నిలబడి ఉన్నాడు. అమ్మ గింజలు ఇతనికెందుకు, ఎండబెట్టి చంపుతాడని ఆమె మనసులో అనుకుంది. అడిగేసింది కూడా, ఎప్పుడైనా చిక్కుడు పెంచావా అని.

“లేదండి. నాకసలు చిక్కుడుకాయ పడదండి,” అన్నాడు తల వంచుకుని. “ఒక్క గింజ ఇప్పించండి. చీకటి కావాలంటే మొక్క ఉండాలంట కదండీ. మా ఆవిడ గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉందండి.”

శేషారత్నం డబ్బా తెచ్చి మూత తీసింది. అతని వెనక మిగతా నాలుగిళ్లవాళ్లూ కుండీలతో వరుసగా నిలబడి ఉన్నారు.